కోడె బెదిరిన నాడు

కరీంనగర్ల డాక్టరమ్మ కాయితం మీద రాసిచ్చి
"మీ తప్పేం లేదు" అని నోటితోటి గూడ చెప్పింది.
బస్సుల కిటికీ పక్కన కూసున్న.
సిరిసిల్ల వచ్చేదాంక ఆ మాటను
ఎక్కడ వెట్టుకోవాల్నో తెల్వలే.

ఎందుకంటే నా దగ్గర వేరే లెక్కున్నది.
ఆమె ఏడో నెల కడుపుతోటి
సాంచెల చప్పుట్ల కండెలు చుడుతుంటే వద్దనలే.
రాత్రి షిఫ్ట్ చేసొచ్చి పొద్దంత పండుకున్న,
పిల్లగాని చేతికి ఫోనిచ్చి.
మూడేండ్లకు గూడ మాట రాకపోతే
"మా నాయినకు గూడ ఆలస్యంగనే వచ్చిందట" అని నవ్విన.
ఆ నవ్వు నాకు ఇంక ఇనవడ్తది.

మొక్కు బాకీ ఉన్నదని మా అత్త అంటె
సోమవారం వేములాడ పోయినం.
లైన్ల మూడు గంటలు.
మార్కండికి ఏడేండ్లు. నా భుజం మీద ఉండి
నా అంగీ అంచు దారాన్ని వేలికి చుట్టుడు, ఇప్పుడు,
మళ్ల చుట్టుడు.
అది వాని పని.
ఆ పని నడిసినంత సేపు మంచిగనే ఉన్నడు.
అంతల మైకు కీసుమన్నది.
డప్పులు లేసినయ్.
ఎవరో పెద్దాయన, ప్రేమతోటే,
వాని బుగ్గ గిల్లిండు.

వాడు కింద వడ్డడు.
బండకు తల కొట్టుకుంట
గొంతుల వేరే మనిషి ఉన్నట్టు అరిసిండు.
నా చెయ్యి కొరికిండు.
అంత ఇరుకుల గూడ మా చుట్టూత జాగ అయింది,
గారడీ ఆటకు అయినట్టు.
"రెండు అంటియ్యరాదు, పొగరు దిగుతది" అన్నరెవరో.
అంటిచ్చిన.
రెండు గాదు, లెక్క వెట్టలే.

గప్పుడే మా ముంగటోళ్ల కోడె
డప్పుకు బెదిరి తాడు గుంజింది.
కండ్లు తెల్లగ తిప్పి, మూతికి నురుగు,
ఎనక కాళ్లతోటి బండల్ని గీరింది.
అందరు జరిగిన్రు.
"బెదిరిందిరా పాపం, డప్పు ఆపుండ్రి!
మీద వడకుండ్రి, గాలి తగలనియ్యుండ్రి!"
డప్పు ఆగింది.
తాడు వట్టుకున్న ముసలాయన
దాన్ని కొట్టలే, తిట్టలే,
తల పక్కకు తిప్పుకోని
దాని కండ్లల్లకు గూడ సూడకుంట నిలవడ్డడు.

లేసిన చెయ్యి లేసినట్టే నేను గూడ నిలవడ్డ.
డప్పు ఆగినంక వాని అరుపు సన్నగయింది.
నేను కొట్టినందుకు గాదు.

ఆరు సాంచెలు నడిపెటోన్ని.
పోగు తెగితే సాంచె ఆగుతది.
ఆగిందని దాన్ని తన్నినోడు ఎవడన్న ఉన్నడా?
వంగి, కండ్లు చిన్నగ జేసి,
తెగింది ఎక్కడనో ఎతుకుతం.
ఇది పద్దెనిమిదేండ్ల సంది తెలుసు నాకు.
తెలిసే కొట్టిన.

ఇప్పుడు వాని పోగులు కొన్ని కనవడుతున్నయ్.
కుక్కర్ కూతకు ముందు చెప్పాలె.
కొత్త బనీను ఎనక చీటీ కత్తిరియ్యాలె.
సాంచెల చప్పుడుకైతే ఏం గాదు,
కడుపుల ఉన్నప్పటి సంది ఇన్నదే,
ఏ చప్పుడైతే వాన్ని గిట్ల జేసిందని
ఇన్నేండ్లు రాత్రులు ఏడ్సిన్నో
ఆ చప్పుట్లనే వాడు నిద్రవోతడు.
కరెంటు పోయి అది ఒక్కసారి ఆగిందా,
ఇల్లు కూలినట్టె వానికి.

మొన్న పోయింది.
ఆమె కిటికీకి చీర కట్టింది, ఎవ్వర్ని రానియ్యలే.
నేను దూరంగ కూసోని
గచ్చు మీద ఏలు మెటికెలతోటి
టకటక, టకటక, సాంచె లెక్క కొట్టిన.
ఒక్కోసారి పనిజేస్తది.
మొన్న జెయ్యలే.
నలభై నిమిషాలు.
నాకు గూడ ఒకపాలి చెయ్యి లేసింది,
దాన్ని తొడ కిందికి వెట్టుకోని కూసున్న.

డాక్టరమ్మ మాట ఇంక ఆ సంచిలనే ఉన్నది,
కాయితం తోటి మడత వెట్టి.
అప్పుడప్పుడు తీసి సూస్త.
నా కొలతకు సరిపోతలేదు.

చివరికి వాడే జరుక్కుంట వచ్చిండు,
చెంపలు తడి, నొసట బొప్పి.
నా మొకం సూడలే.
అంగీ అంచున దారం కోసం ఎతికిండు.
దొరికింది.
రోజు పొద్దున తొడుక్కునే ముందు
ఒక పోగు వదులు జేసి పెడుత.